జబ్బు చేసి రాబడి తగ్గినప్పుడు ముందు ఎవరి బాకీ తీర్చాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. మావారు సామాన్ల ఆటో నడిపి ఇంటిని పోషించేవారు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. విశాఖలో పదకొండు రోజులు ఉంచి ఇంటికి తీసుకువచ్చాం. ఇప్పుడు చేతికర్ర సాయంతో వీధి గుమ్మం దాకా నడుస్తున్నారు గాని, మళ్ళీ బండి పట్టడానికి ఏడాదైనా పడుతుందని డాక్టరుగారు చెప్పారు. లోగడ నెలకు 26,000 దాకా వచ్చేది. ఇప్పుడు నా కుట్టుపని మీద వచ్చే 8,000 రూపాయలే ఆధారం. అద్దెకు 2,000, మందులకు 1,800, తిండికీ గ్యాసుకూ కరెంటుకూ కలిపి 3,200 పోగా వెయ్యి రూపాయలు మిగులుతాయి. కట్టవలసినవి చూస్తే ఆటో వాయిదా 7,400, రెండు గ్రూపు లోన్లకు కలిపి 2,600, క్రెడిట్ కార్డులో 38,000 బాకీ మీద కనీస మొత్తం 1,900, వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 50,000 మీద నెలకు 1,500. వెరసి 13,400. ఇవి గాక గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి తీసుకున్న 60,000 గడువు నాలుగు నెలల్లో తీరిపోతుంది. ఆసుపత్రి ఖర్చుకని మా అన్నయ్య ఇచ్చిన 40,000 ఉంది. వడ్డీ వ్యాపారికి ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు కూడా ఇచ్చాం. రాఖీ పున్నమికి, ఒడిశా ప్రభుత్వం ఆడవారికి ఇచ్చే సుభద్ర పథకం డబ్బు 5,000 నా ఖాతాలో పడితే, అప్పటికే అందులో ఉన్న కుట్టుపని డబ్బుతో కలిపి ఆటో వాయిదా కింద కోసేసుకున్నారు. ఆ వారం మందులు దుకాణంలో అరువు మీద తెచ్చాను. గ్రూపు వాళ్ళు, కార్డు వాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారు. ఎవరు గట్టిగా అడిగితే వారికి కడుతున్నాను. ఫోన్ యాప్‌లో ఇంకో అప్పు తీసుకుని అందరికీ తలా కొంత సర్దుదామా అనిపిస్తోంది. ఏది ముందు, ఏది వెనుక?
— ఒక సోదరి, గుణుపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండు మూడు సార్లు చదివాను. "ఎవరు గట్టిగా అడిగితే వారికి కడుతున్నాను" అన్న మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. ఇంట్లో మనిషి మంచాన పడినప్పుడు చాలా ఇళ్ళలో జరిగేది ఇదే, మిగిలిన ఆ కాస్త డబ్బూ వెళ్ళకూడని చోటికి వెళ్ళిపోయేదీ ఇలాగే. మామూలుగా చేతిలో తాకట్టు ఏదీ లేనివారే గొంతు పెంచి అడుగుతారు, ఎందుకంటే వారికి ఉన్న ఆయుధం ఆ గొంతు ఒక్కటే. బండి కాగితాలో బంగారమో తమ దగ్గర పెట్టుకున్నవారు మర్యాదగా ఒక నోటీసు పంపి ఊరుకుంటారు, గడువు దాటాక వస్తువు మీద చెయ్యి వేస్తారు. అందుచేత ఫోను ఎన్నిసార్లు మోగిందన్న సంగతి పక్కన పెట్టి, "ఈ బాకీ కట్టకపోతే మా ఇంటి నుంచి ఏమి పోతుంది?" అన్న ప్రశ్న ఒక్కొక్క అప్పు ముందూ పెట్టి చూడండి. మీ అప్పులకు ఆ ప్రశ్న ఇచ్చే వరస, ఫోన్లు ఇచ్చే వరసకు దాదాపు తలకిందులుగా ఉంటుంది.

అన్నిటికంటే ముందు ఉండవలసినది మీ అప్పుల పట్టీలోనే లేదు. అది మీవారి మందుల డబ్బు. ఒకసారి పక్షవాతం వచ్చినవారికి అది తిరగబెట్టే ప్రమాదం ఇతరుల కంటే ఎక్కువ. రక్తపోటుకూ, రక్తం గడ్డకట్టకుండా ఉండడానికీ ఇచ్చిన మాత్రలు డాక్టరుగారు మానమనే దాకా ఒక్క పూట కూడా తప్పకూడదు. మందులు మాని కట్టిన వాయిదా కంటే ఖరీదైన వాయిదా మరొకటి ఉండదు. అయితే ఆ 1,800 రూపాయలను తగ్గించుకునే మార్గాలు ఉన్నాయి. విశాఖలో రాసిన చీటీని గుణుపురం ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరుకు చూపించి, వాటిలో ఏవి నిరామయ పథకం కింద ఉచితంగా ఇస్తారో అడగండి. దొరకనివాటికి మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి కేంద్రంలో కొంటే ధర బాగా తగ్గుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి అమలవుతున్నాయి. అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవారికి అదనంగా మరో 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యం ఉచితం. ఆయుష్మాన్ కార్డు విశాఖలో ఆ పథకంలో ఉన్న ఆసుపత్రులలో కూడా చెల్లుతుంది. మీరు మొదటిసారి ఎందుకు చేతి డబ్బు పెట్టవలసి వచ్చిందో మీ ఉత్తరంలో లేదు. కార్డు లేకపోవడమే కారణమైతే, వేరే పనులన్నీ ఆపి ముందు కార్డు చేయించుకోండి.

మందుల తరవాత అద్దె, కరెంటు. ఇవి చిన్న మొత్తాలే గాని తప్పితే ఇల్లు కదిలిపోతుంది. మీ కుట్టు మిషను మోటారు మీద నడిచేదైతే కరెంటు బిల్లు మీ జీవనోపాధిలో భాగం కూడాను. బిల్లు బకాయి పడితే 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా సరఫరా తెంచకూడదని 2003 నాటి విద్యుత్ చట్టం చెబుతోంది.

ఇక సుభద్ర డబ్బు సంగతి. అది జరిగినట్టు ఇంకోసారి జరగకూడదు. ఏ ఖాతా నుంచి వాయిదాలు వాటంతట అవే కోసుకుపోతాయో ఆ ఖాతాలో తిండి డబ్బు, మందుల డబ్బు ఉంచకండి. మీకు ఏ అప్పూ లేని మరో బ్యాంకులో కనీస నిల్వ అక్కరలేని ఖాతా తెరిచి, సుభద్ర డబ్బు, కుట్టుపని డబ్బు అందులోకి వచ్చేలా మార్పించుకోండి. వాయిదాల ఖాతాలో మీరు కట్టదలచుకున్నంత మొత్తాన్ని, కట్టదలచుకున్న రోజున మీ చేత్తో వెయ్యండి. ఇది ఎవరినీ మోసం చెయ్యడం కాదు. ఖాతాలో డబ్బు చాలక వాయిదా తిరిగిపోతే బ్యాంకు ఒక రుసుము, అప్పిచ్చిన సంస్థ మరొక రుసుము వేస్తాయి గనుక, ఆ నెల కట్టలేనని తేలిన వెంటనే గడువు తేదీకి ముందే సంస్థకు తెలియజేయండి. మే నెలాఖరులో మాత్రం ఏ ఖాతా నుంచి మీవారి ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు 436 రూపాయలు పోతాయో ఆ ఖాతాలో ఆ డబ్బు తప్పక ఉండేలా చూడండి. ఈ ఆరోగ్య పరిస్థితిలో ఆ 2 లక్షల బీమా ఆగిపోకూడదు.

ఇప్పుడు ఆటో. మీ అప్పులలో పెద్ద వాయిదా ఇదే, మీ ఇంట్లో సంపాదించగల వస్తువూ ఇదే. ప్రస్తుతం అది వాకిట్లో నిలబడి నెలకు 7,400 తింటోంది. నమ్మకమైన డ్రైవరుకు రోజుకు 350 కిరాయి మీద ఇచ్చి, నెలకు 24 రోజులు తిరిగిందనుకుంటే 8,400 వస్తుంది. వాయిదా పోగా మిగిలే వెయ్యి బీమాకూ మరమ్మతుకూ అట్టేపెట్టండి. డ్రైవరు లైసెన్సు ఆ తరహా బండికి చెల్లేదో కాదో చూడండి, ఇద్దరి మధ్య మాటలు కాగితం మీద పెట్టండి. బీమా ఒక్క రోజు కూడా తప్పనివ్వకండి. బీమా లేని బండి ఎవరినైనా గుద్దితే ఆ పరిహారం బండి యజమాని మెడకు చుట్టుకుంటుంది, అప్పుడు ఈ అప్పులన్నీ దాని ముందు చిన్నవైపోతాయి. డ్రైవరు దొరికే లోపల ఫైనాన్స్ కంపెనీకి వెళ్ళి, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం జత చేసి, వాయిదాల కాలం పొడిగించి నెలకు కట్టేది తగ్గించమని రాసి ఇవ్వండి. గడువు దాటి 90 రోజులైతే ఆ అప్పు మొండి బాకీల పద్దులోకి వెళుతుంది, అక్కడి నుంచి బేరమాడడం కష్టం.

నెల రోజులు గట్టిగా ప్రయత్నించినా డ్రైవరు కుదరకపోతే బండిని మీరే అమ్మండి. ఈ మాట రాయడం నాకు సులువుగా లేదు, ఎందుకంటే ఆ బండి మీవారికి కేవలం బండి కాదని తెలుసు. కాని కంపెనీ వారు స్వాధీనం చేసుకుని వేలం వేస్తే వచ్చే ధర, కంపెనీ అనుమతితో మీరు బేరం చేసి అమ్మితే వచ్చే ధర ఒకటి కావు. వేలంలో వచ్చినది బాకీకి చాలకపోతే తక్కువ పడిన మొత్తం మీ పేరునే నిలుస్తుంది, బండీ పోయి బాకీ మిగులుతుంది. ఈ నిర్ణయానికి ముందు లోను కాగితాలలో బీమా ఏదైనా ఉందేమో తప్పక వెతకండి. లోను ఇచ్చేటప్పుడు చాలా సంస్థలు రుణ బీమా అంటగట్టి, ఆ ప్రీమియం కూడా లోనులోనే కలుపుతాయి. చాలావాటిలో మరణానికి మాత్రమే రక్షణ ఉంటుంది గాని, కొన్నింటిలో పక్షవాతం వంటి తీవ్రమైన జబ్బులు కూడా చేరి ఉంటాయి. కాగితాలు ఇంగ్లీషులోనో ఒడియాలోనో ఉండి, మీకు తెలుగు మాత్రమే చదవడం వస్తే, షరతులు మీకు అర్థమయ్యే భాషలో చెప్పమని అడిగే హక్కు మీకుంది. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో తెలియజేయాలని రిజర్వు బ్యాంకు నియమాలే చెబుతున్నాయి. మన సరిహద్దు జిల్లాలలో తెలుగువారు చదవని కాగితాల మీద సంతకాలు పెట్టి పెట్టి అలవాటు పడిపోయారు. అది మానుకోవలసిన అలవాటు.

ఆటో తరవాత నేను వడ్డీ వ్యాపారి బాకీని పెడతాను, కారణం ఆ ఖాళీ చెక్కు. బ్యాంకులో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే, అవతలివారు 30 రోజులలోగా రాతపూర్వకంగా నోటీసు ఇస్తారు. అది అందిన 15 రోజులలో డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసు వేయవచ్చు. రెండేళ్ళ దాకా జైలు గాని, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గాని, రెండూ గాని పడే నేరం అది. సంతకం చేసి ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కు కూడా బాకీ తీర్చడానికే ఇచ్చినట్టు చట్టం ముందుగా భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఖాతా మూసివేయడం వల్లనో చెల్లింపు ఆపమని బ్యాంకుకు రాయడం వల్లనో దీని నుంచి తప్పించుకోలేరు. కాబట్టి నోటీసు అంటూ ఏదైనా వస్తే ఆ రోజే న్యాయవాదికి చూపించండి.

నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000 వడ్డీ కట్టినా ఆ అసలు 50,000 అలాగే ఉంటుంది. అటు బ్యాంకులో బంగారం మీది అప్పు మీ అప్పులన్నిటిలోకీ చవకైనది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు తాకట్టు పెట్టిన నాటి కంటే బంగారం ధర పెరిగి ఉంటే, తెలిసిన నగల దుకాణందారును వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్ళి, మేనేజరుతో ముందుగా మాట్లాడుకుని, గాజులు అమ్మి బ్యాంకు బాకీ తీర్చి, మిగిలిన డబ్బు వ్యాపారి అసలుకు కట్టే వీలుందేమో లెక్క చూసుకోండి. ఒంటిమీది బంగారం ఆఖరున ముట్టుకోవాలని మన ఇళ్ళలో అంటారు. ఆ మాట నేను కాదనను. అయినా బంగారాన్ని బ్యాంకు బీరువాలో ఉంచి మూడు రూపాయల వడ్డీకి తలవంచడం కంటే, నాలుగు గాజులు వదులుకుని చెక్కును వెనక్కు తెచ్చుకోవడం మీ ఇంటికి ఎక్కువ రక్షణ. అమ్మడం కుదరకపోతే, గడువు లోపల వడ్డీ కట్టి లోను తిరగరాయించుకోండి. గడువు దాటితే బ్యాంకు నోటీసు ఇచ్చి వేలం వేస్తుంది, అలా వేసినప్పుడు బాకీ పోగా మిగిలినది మీకు తిరిగి ఇవ్వాలన్నది మరచిపోకండి.

వ్యాపారికి ఇచ్చే ప్రతి రూపాయికీ ప్రోనోటు వెనుక చెల్లు వేయించండి, వీలైతే బ్యాంకు ద్వారానే పంపండి. ఈ నెల నుంచి వడ్డీ ఆపి అసలులోకి జమ కట్టుకోమని, పెద్దమనుషులను వెంటబెట్టుకుని అడగండి. వడ్డీ వ్యాపారం వృత్తిగా చేసేవారు రిజిస్టరు చేయించుకుని తీరాలని ఒడిశాలో 1939 నుంచే చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేనివారు సాధారణంగా ఈ మాట ఎత్తగానే మెత్తబడతారు. బాకీ తీరిన రోజున నోటు, చెక్కు రెండూ చేతికి తీసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.

గ్రూపు లోన్ల విషయం సున్నితమైనది. మీరు కట్టకపోతే ఆ భారం మీ పక్కింటి ఆడవారి మీద పడుతుంది, అందుకే మీ దగ్గర మిగిలే వెయ్యి రూపాయలను నేను ఇటే పెట్టమంటాను. సమావేశానికి వెళ్ళడం మాత్రం మానకండి. వసూలు సిబ్బంది ముందుగా అనుకున్న చోటనే వాయిదా తీసుకోవాలి. సభ్యురాలు వరుసగా రెండు సార్లు గాని అంతకు మించి గాని రానప్పుడే ఇంటికి రావచ్చునని 2022 నాటి రిజర్వు బ్యాంకు నియమాలలో ఉంది. ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 గంటల తరవాత ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు. డిశ్చార్జి కాగితం అందరి ముందూ పెట్టి, "ఆరు నెలలు వెయ్యి చొప్పున కడతాను, తరవాత మామూలు వాయిదా" అని చెప్పి, ఆ మాట లోను కార్డు మీద రాయించుకోండి. పాతది తీర్చడానికి పెద్ద లోను కొత్తగా ఇస్తామంటే ఒప్పుకోకండి.

క్రెడిట్ కార్డును చివరన పెట్టండి. నెలకు 1,900 కట్టినా అందులో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది. కార్డు వాడకం పూర్తిగా ఆపి, అనారోగ్యం సంగతి రాసి, బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడగండి. కొన్నాళ్ళు ఏమీ కట్టలేకపోతే మీ పరపతి స్కోరు పడిపోతుంది, మళ్ళీ లోను దొరకడానికి ఏళ్ళు పట్టవచ్చు. ఇప్పుడు అంతకు మించి ఆలోచించకండి. కార్డు మనుషులు కూడా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరవాత ఫోను చేయకూడదు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలు 14448 నంబరులో చెబుతారు.

మీ అన్నయ్య ఫోను చేసేదాకా ఆగకండి. మీరే చేసి, ఏడాది దాకా ఇవ్వలేనని చెప్పేయండి. యాప్ అప్పు మాత్రం వద్దమ్మా, ఏ పేరుతోనూ వద్దు. 13,400 కట్టలేని ఇల్లు దాని మీద మరొక వాయిదాను మోయలేదు.

ప్రశ్న: రాయగడలో ఒక మిల్లులో కాంట్రాక్టు పని. జీతం 14,500. క్షయ అని తేలి రెండు నెలలుగా పనికి వెళ్ళడం లేదు. బ్యాంకు పర్సనల్ లోను వాయిదా 4,100 ఉంది. ఇల్లు గడవడానికి ఇంకో అప్పు చేయాలా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: అప్పు చేసే ముందు మీ జీతం చీటీ తీసి ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద కోత ఉందో లేదో చూడండి. కాంట్రాక్టు కార్మికులకు కూడా ఈఎస్‌ఐ వర్తిస్తుంది, ఈఎస్‌ఐ వర్తించే సంస్థలలో నెలకు 21,000 దాకా జీతం ఉన్నవారు అందులోకి వస్తారు. అవసరమైనన్ని రోజుల చందా ఉంటే, పనికి వెళ్ళలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. క్షయ ఈఎస్‌ఐ వారి దీర్ఘకాలిక జబ్బుల పట్టికలో ఉంది, కనుక రెండేళ్ళు వరుసగా పనిచేసి తగినంత చందా ఉన్నవారికి ఆ తరవాత కూడా 80 శాతం చొప్పున రెండేళ్ళ దాకా వచ్చే వీలుంది. ఇది మీ జీతం నుంచి కట్టిన చందాకు వచ్చే హక్కు, ఎవరి దయా కాదు. డాక్టరు సర్టిఫికెట్టు ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో తీసుకోవాలి. ఇప్పటికే రెండు నెలలు పోయాయి గనుక ఈ వారమే వెళ్ళండి. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం, చికిత్స సాగినంత కాలం పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు మీ ఖాతాలో వేస్తారు, మీ పేరు నమోదైందో లేదో అక్కడే అడగండి. ఆ డబ్బు గుడ్లకూ పప్పుకూ మాత్రమే ఖర్చు పెట్టండి. పీఎఫ్ ఉంటే వైద్యం కోసం అందులోంచి కొంత తీసుకోవచ్చు గాని, ఈఎస్‌ఐ డబ్బు మొదలయ్యాక కూడా చాలకపోతేనే దాని జోలికి వెళ్ళండి. బ్యాంకు వాయిదాకు తాకట్టు లేదు. ఈఎస్‌ఐ తేలేదాకా రెండు మూడు నెలల వ్యవధి రాసి అడగండి.

ప్రశ్న: మా అమ్మకు మూత్రపిండాల జబ్బు. ఆమె పేర ఉన్న పర్సనల్ లోను నాలుగు నెలలుగా కట్టలేదు. "రేపు పోలీసులు వచ్చి అరెస్టు చేస్తారు" అని వాట్సాప్‌లో నోటీసు పంపారు. ఆమె భయంతో అన్నం మానేసింది.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు మీ అమ్మగారికి ఈ మాటలు చదివి వినిపించండి. తీసుకున్న లోను కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం, దానికి పోలీసులు ఇంటికి వచ్చి అరెస్టు చేయరు. బ్యాంకు కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా సరే, డబ్బు డిక్రీ కింద ఆడవారిని అరెస్టు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆ లోనుకు చెక్కులు ఇచ్చి ఉంటే, లేదా ఖాతా నుంచి వాయిదాలు కోసుకునే ఒప్పందం మీద సంతకం చేసి ఉంటే, అవి తిరిగిపోయినప్పుడు వచ్చే నోటీసు వేరు, దానిని మాత్రం నిర్లక్ష్యం చేయకండి. నిజమైన కోర్టు సమను కేసు నంబరుతో, కోర్టు ముద్రతో వస్తుంది. మీకు వచ్చిన దాన్ని ఫోనులో చెరిపేయకుండా ఉంచండి, బెదిరింపుకు అదే సాక్ష్యం. ఆడవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. గజపతి జిల్లా న్యాయసేవల సంస్థ మీ ఊళ్ళోనే ఉంది, ఫోనులో అయితే 15100. అక్కడ అడిగితే బ్యాంకుతో రాజీకి లోక్ అదాలత్‌లో పెట్టిస్తారు, దానికి కోర్టు ఫీజు లేదు. వెళ్ళేటప్పుడు వైద్యుల రిపోర్టులు, లోను పుస్తకం, ఆ వాట్సాప్ నోటీసు ప్రింటు పట్టుకెళ్ళండి. డయాలసిస్ మొదలై ఉంటే, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేయించుకునే వీలు గురించి కూడా అదే రోజు విచారించండి.